పదో గుడ్డు

చింతమాకులపల్లె,
పుంగనూరు దగ్గర,
జూన్ 20, 2025.

చిరంజీవి యమునకు నీ పెద్దవ్వ సుబ్బలక్ష్మమ్మ రాసే జాబు.

నేను బాగుండాను అని మొదట రాయాలంట, రాసేసినా. ఇంక అసలు సంగతి. ఫోన్ చేస్తే మాట్లాడలేదని అలగొద్దు. నువ్వు చేసిందీ నిజమే, నేను ఎత్తిందీ నిజమే. చెవిలో ఇసక రాలినట్టు గరగరమనిందేగానీ నీ గొంతు రాలేదు. పోయినేడు ఎడమ చెవి ఒక్కటే పాయ. ఇప్పుడు కుడిదీ ఆ దోవే పట్టింది. అందుకే జాబు. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే నవ్వుకో, ఎవురికీ సూపియ్యొద్దు. నా చెల్లెలు, అదే మీ అవ్వ, పోయినాక నేను రాసుకునేదానికి నువ్వు తప్ప ఎవురుండారు?

నేను మధ్యాన్నం అన్నం వండే మా ఊరి బడి తెరిచినారు. పోయినేడు గుడ్డు రోజు పదకొండు గుడ్లు ఉడకేస్తా ఉంటి. ఇప్పుడు తొమ్మిదే. సాయి వాళ్ళ నాయన మదనపల్లెలో అంగడి పెట్టినాడని పిల్లోణ్ణి తీసుకోనిపాయ. ఇంకో పాప ఐదు ముగించి పుంగనూరు హైస్కూలుకు పాయ. హేమలత టీచరు కాగితం మీద రాసి సూపించింది, నోటితో చెప్తే నాకు ఎక్కదు కదా. "పదిమంది లేకపోతే బడి తీసేసి రోడ్డవతల బడిలో కలిపేస్తారంట అవ్వా" అని. రోడ్డవతల అంటే మూడు కిలోమీటర్లు. లారీలు తిరిగే రోడ్డు. ఒకటో తరగతి పిల్లోడు యట్లా దాటతాడు? ఆడ వండేదానికి వేరే ఆమె ఉండాది, నేను యాడికి పోయేది?

మా ఊర్లో పిల్లకాయలు తొమ్మిది మందే యమునా. పదో బిడ్డను యాడనించి తెచ్చేది?

ఇంట్లో నాకు ఏ సద్దూ లేదు. కుక్కరు కూసిందీ లేనిదీ ఆవిరి సూసి తెలుసుకుంటాండా. మధ్యాన్నం బెల్లు కొట్టినాక పిల్లకాయలందరూ ఒక్కసారిగా అరుచుకుంటా వంటగదికాడికి ఉరికొస్తారే, ఆ అరుపు ఒక్కటి మాత్రం నా చెవుల్లోకి వస్తాది. దినానికి అదొక్కటే.

ఇంకో భయం. నువ్వు మే నెల్లో వచ్చిపోయినాక మంచం కింద నీ కాగితం ఒకటి దొరికింది. వడియాలు పోసేదానికి పరస్తామని తీసి, వేలు పెట్టుకోని చదివినా. "ప్రపంచ దేశాల్లో నిర్బంధ విద్య వయసు పిల్లల సంఖ్య" అని ఉండాది. నిర్బంధం అంటే నాకు తెలుసు. ఎలచ్చన్లప్పుడు మన ఊరి లీడరు కొండప్ప బయటికి రాకుండా పోలీసోళ్ళు వాకిట్లో కూచుంటే, గృహనిర్బంధం అని పేపర్లో ఫోటోతో వేసినారు. కొండప్ప పెద్దోడు, నాలుగు దినాలు ఇంట్లో ఉంటే ఏంగాదు. పిల్లకాయల్ని యాల నిర్బంధించినారు? దేశానికి ఇన్ని లచ్చలని రాసుండాదే! వాళ్ళ అమ్మానాయన్లు ఏమైనారు? అట్లాంటి లెక్కలు రాసే పని నీకెందుకమ్మా? రేపు నిన్నుగూడా ఆడ పెట్టేసుకుంటే? నాలుగు దినాలుగా ముద్ద దిగలేదు. వెంటనే రాయి.

నీ పెద్దవ్వ


కుప్పం,
జూన్ 27.

పెద్దవ్వకు,

రూములో ఒక్కదాన్నే పగలబడి నవ్వినా. పక్క రూమామె వచ్చి తలుపు కొట్టి, "ఏమైంది, ఒంట్లో బాగుందా?" అని అడిగిపోయింది. ఈ ఊర్లో ఆమె నాతో మాట్లాడింది ఇదే మొదటిసారి. నీ పుణ్యమే.

నిర్బంధ విద్య అంటే పిల్లల్ని కట్టేసేది కాదు పెద్దవ్వా. ఫలానా ఈడు నుంచి ఫలానా ఈడు దాకా పిల్లలు బడికి పోయి తీరాలని ఒక్కో దేశం చట్టం పెట్టుకుంది. మనకు ఆరు నుంచి పద్నాలుగు. జపానులో పదైదు దాకా. ఫ్రాన్సులో మూడేండ్లకే మొదలు. ఆ ఈడు పిల్లలు ఏ దేశంలో ఎంతమంది ఉండారో పక్కపక్కన పెట్టి చూసేదే నా పని. పేరులో నిర్బంధం ఉందిగానీ అది పిల్లలకు కాదు, పెద్దోళ్ళకు. బిడ్డను పంపకపోతే ఇంట్లోవాళ్ళది తప్పు, బడి పెట్టకపోతే సర్కారుది తప్పు.

మన దేశంలో ఆ ఈడు వాళ్ళు ఇరవై కోట్ల పైమాట. జపానులో కోటి కూడా లేరు. ఆడ ఏడాదికి వందల బళ్ళు పిల్లల్లేక మూసేస్తాండారు. ఆఫ్రికాలో నైజర్ అని ఒక దేశం, ఆడ జనంలో దగ్గర దగ్గర సగం పదైదేండ్ల లోపలోళ్ళే. పిల్లలుండారు, బళ్ళు చాలవు. ఒక చోట బల్లలు ఖాళీ, ఇంకో చోట కూచునేదానికి చోటు లేదు. నా పట్టీలో రెండూ పైగడి, కిందగడి.

దేశాలు అయిపోయినాయి. ఇప్పుడు మా ఆఫీసులో పైన ఉండే మునికుమార్ సారు మన పక్క మండలాలు ఇచ్చినారు, ఊరూరికీ బడి ఈడు పిల్లలెంతమందని. అన్ని ఊర్లకూ పోయేదానికి నా వల్ల యాడవుతుంది? మీ ఊరిది మటుకు నీ జాబులోనే దొరికింది. నీ లెక్క పనికొచ్చింది పెద్దవ్వా! బడి గురించి దిగులు పడకుండా అన్నం తిను.

యమున


చింతమాకులపల్లె,
జూలై 9.

అమ్మా యమునా,

నీ జాబు రొండుసార్లు చదివి, ఒకసారి హేమలత టీచరుకు ఇచ్చి చదివించినా. నా లెక్క పనికొచ్చిందా! అరవైయేడేండ్లలో ఇట్లా అనినోళ్ళు లేరు. టీచరు నవ్వి, "అవ్వా, నువ్వింక ఆఫీసరువి" అని కాగితం మీద రాసింది.

అయినా ఒక అనుమానం. ఆ జపానులో బళ్ళు మూసేస్తాండారని రాస్తివే, ఆ బళ్ళల్లో వండే ఆడోళ్ళు ఏమైనారు? నీ పట్టీలో వాళ్ళకు ఒక గడి ఉండాదా?

పనికొచ్చే లెక్క అయితే సరిగ్గా ఉండాల కదా అని ఇల్లిల్లూ తిరిగినా. చింతగింజలు కొంగులో కట్టుకోని, ఆరు నించి పద్నాలుగు దాకా ఒక్కో బిడ్డకు ఒక్కో గింజ. నా గుడ్లు తినేది తొమ్మిది. పచ్చ వ్యానెక్కి పుంగనూరు ఇంగ్లీషు బడికి పోయేది పదకొండు. బస్సులో హైస్కూలుకు పోయేది ముగ్గురు. ఇరవైమూడు అని ముడేసుకోని వస్తాంటే కంపచెట్లకాడ టమాటా ఏరే షెడ్డు ఉండాది సూడు, ఆడ ఒక పాప. సంకలో తమ్ముడు. ఒక చేత్తో వాణ్ణి పట్టుకోని ఇంకో చేత్తో పండు ఏరతాండాది, మెత్తవి ఒక పక్క, గట్టివి ఒక పక్క. అనంతపురం అవతలనించి వచ్చినారంట. ఊరోళ్ళు నాకు లెక్క చెప్పేటప్పుడు ఆ షెడ్డు పేరే ఎత్తలేదు.

"నీ పేరేమి పాపా" అంటే చెప్పింది, వినపళ్ళేదు. మట్టిలో రాయమంటే రాయడం రాదు. దగ్గరికొచ్చి చెవిలో నోరు పెట్టి "రేష్మా!" అని అరిచింది. వినపడింది యమునా! ఒంటి గొంతు వినపడి నాకు ఎన్నాళ్ళైందో. ఎనిమిదేండ్లుంటాయి. ఇరవైనాలుగో గింజ.

నీకు ఒక మాట చెప్తా, ఇంతవరకు ఎవురికీ చెప్పలేదు. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు మీ అవ్వ పుట్టింది. మాయమ్మ కూలికి పోవాల. బిడ్డను నా సంకలో పెట్టి, "దీనికి నడక వచ్చినాక పోదువులే" అనింది. దానికి నడక వచ్చింది, నాకు బడి రాలేదు. అప్పుడు నిర్బంధం ఉండిందో లేదో నాకు తెలీదు, ఉండుంటే ఎవురూ మాయమ్మకు చెప్పలేదు. మీ అవ్వతో ఈ మాట ఏపొద్దూ అనలేదు. అంటే బాధపడతాదని.

అందుకే రేష్మ వాళ్ళమ్మతో అన్నా, "నీ కొడుకును నా వంటగదిలో పడుకోబెట్టు, పాపను బడికి పంపు" అని. ఆమె ఏమో అనింది. వినపళ్ళేదు. తల ఊపింది మాత్రం సూసినా. ఊపింది అవుననో కాదనో తెలీలేదు, టీచరును తోడు తీసుకోని మళ్ళా పోతా.

నీ పెద్దవ్వ


కుప్పం,
జూలై 18.

పెద్దవ్వకు,

పనిలో ఉండాను, ఎక్కువ రాయలేను. వంట చేసేవాళ్ళకు నా పట్టీలో గడి లేదు. ఇరవైనాలుగు అని నువ్వు ముందే రాసుంటే బాగుండేది. పోనీలే. మదనపల్లెలో చెవి మిషను పెట్టే డాక్టరు ఉండాడంట, టీచరును తోడు తీసుకోని పో. ఈ నెల నేను ఊరికి రాలేను.

యమున


చింతమాకులపల్లె,
ఆగస్టు 11.

అమ్మా యమునా,

పది! ఈ పొద్దుకు పది గుడ్లు. రేష్మ పోయిన నెలే వచ్చేసింది. హేమలత టీచరు రిజిస్టర్లో పేరెక్కించి, ఆన్‌లైన్లో కూడా కొట్టేసింది. తమ్ముడు నా దగ్గర. బియ్యం సంచి మీద గుడ్డ పరిచి పడుకోబెడతా, లేస్తే సంకనేసుకోని కలబెడతా. నాకు బిడ్డ ఏడుపు వినపడదని రేష్మ ఒక ఏర్పాటు చేసింది. నా కాలి కడియానికి, వాడి చేతికి కలిపి ఒక మెత్తటి నాడా కట్టింది. వాడు లేచి చెయ్యాడిస్తే నాకు తెలుస్తాది. ఎనిమిదేండ్ల తలకాయలో ఎంత తెలివో సూడు.

మూడు వారాలకే పలక మీద "అవ్వ" అని రాసి తెచ్చి సూపించింది. వ కింద వ మరిచిపోయి "అవ" అని రాసింది. నేనే దిద్దినా. నేను దిద్దినా యమునా!

అంతా బాగుండాది అనుకుంటే పోయిన వారం ఆఫీసరు ఒకాయన వచ్చినాడు. టీచరు మొగం మాడిపోయింది. ఆయన వదిలిపోయిన కాగితం నేనూ సూసినా. చింతమాకులపల్లె, బడి ఈడు పిల్లలు 9 అని ఉండాది. ఊర్లో ఉండేదే తొమ్మిది కాబట్టి పదో బిడ్డ వచ్చేది లేదంట, సంవత్సరం చివరి దాకా ఆగకుండా దసరాలోపలే కలిపేయొచ్చంట. పదిమంది కళ్ళ ముందర కూచోనుండారు గదయ్యా అంటే, ఆయన కాగితాన్నే సూపిస్తాడు.

ఆ కాగితం కింద కుప్పం అని ఉండాది. మిగతాది ఇంగ్లీషు.

నీ జాబు అంత చిన్నదైపోయినప్పుడే అనుకున్నా. నాకు చెవులు పోయినాయిగానీ బుద్ధి పోలేదు. ఆ తొమ్మిది యాడనించి పోయింది యమునా?

సుబ్బలక్ష్మమ్మ


కుప్పం,
ఆగస్టు 16.

పెద్దవ్వా,

నీ జాబు కింద "నీ పెద్దవ్వ" అని లేదు. పేరు రాసినావు. అది చూసినాక ఇంక దాచలేను.

ఆ తొమ్మిది రాసింది నేనే. "మా ఊర్లో పిల్లకాయలు తొమ్మిది మందే" అని నువ్వు రాస్తే, ఊరికంతా తొమ్మిదే అనుకున్నా. నీకు పిల్లకాయలంటే నీ గుడ్లు తినేవాళ్ళేనని నాకు తెలిసుండాల్సింది. నేనూ ఆ పంక్తిలో కూచోని తినినదాన్నే కదా, చిన్నప్పుడు మీ ఊరికి వచ్చినప్పుడల్లా. ఒక్క ఫోన్ టీచరుకు చేసుంటే తెలిసేది. చెయ్యలేదు. గడి నిండితే చాలనుకున్నా.

నీ ఇరవైనాలుగు వచ్చే లోపల పట్టీ బడుల ఆఫీసుకు వెళ్ళిపోయింది. మునికుమార్ సారుతో చెప్పినా. "ఒక ఊరే కదమ్మా, వచ్చే సంవత్సరం సరిచేస్తాం" అన్నాడు. ఆయన చెడ్డోడు కాదు. ఆయనకు అది ఒక గడి. పోయిన నెలలో నాకూ అంతే.

ప్రపంచంలో ఉండే పిల్లల్నంతా లెక్కపెట్టే దాన్ని పెద్దవ్వా, ఈ కుప్పంలో నేను తిన్నానా అని అడిగే మనిషి లేదు. అడిగేదానివి నువ్వొక్కదానివే. ఆ ఒక్కదాని ఊరినే తప్పు రాసినా.

ఒక దోవ ఉండాది. ఊర్లో పిల్లల పేర్లు, ఈడు, చదివే చోటు ఒకటీ వదలకుండా రాసి, లెక్కపెట్టినోళ్ళు, టీచరు సంతకాలు పెట్టి ఈ నెలాఖరు లోపల మదనపల్లె ఆఫీసులో ఇస్తే దిద్దుతారు. నేను తప్పు రాసినానని నా సంతకంతో కాగితం ఇందులో పెట్టినా. ఉద్యోగం గురించి నువ్వు దిగులు పడొద్దు.

యమున


మదనపల్లె,
ఆగస్టు 28.

అమ్మా యమునా,

ఆఫీసు వరండాలో బెంచీ మీద కూచోని రాస్తాండా. హేమలత టీచరు టీ తెచ్చేదానికి పోయింది. ఉద్యోగం గురించి దిగులు పడొద్దు అని రాస్తే పడకుండా ఉంటానా? ఆ దిగులుతోనే బస్సెక్కినా.

పేర్లన్నీ నా చేత్తోనే రాసినా, ఇరవైనాలుగు. రొండు దినాలు పట్టింది. చేతన్ అనే పేరులో చే బదులు చు రాసి కొట్టేసినా, సారు తప్పుపడతాడేమోనని ఆ కాగితమంతా మళ్ళా రాసినా. రేష్మ ఈడు వాళ్ళమ్మకూ సరిగ్గా తెలీదు, ముందర పండ్లు సూసి ఎనిమిది అని రాసినా.

లోపల సారు ఏందో అడిగినాడు. టీచరు నా అరచేతిలో వేలితో రాసింది, "లెక్కపెట్టింది ఎవరు?" అని.

"నేనే సార్, వంట చేసేదాన్ని."

"తొమ్మిది అనిందీ నువ్వేనంట కదా?" అదీ టీచరు చేతిలోనే రాసింది.

"అది గుడ్ల లెక్క సార్, ఇది బిడ్డల లెక్క" అన్నా.

ఆయన నవ్వినాడు. టీచరుగూడా. నాకు నవ్వు రాలేదు, పేర్ల కాగితం ఆయన ముందుకు జరిపినా. కడాకు దిద్దినాడు యమునా. తొమ్మిది కొట్టేసి ఇరవైనాలుగు రాసి ముద్రేసినాడు. ఊర్లో బిడ్డలుండారు, రిజిస్టర్లో పదిమంది ఉండారు, పది ఉన్నన్నాళ్ళూ బడి ఉంటాదంట. పది ఉన్నన్నాళ్ళూ అనే మాటను టీచరు నా చేతిలో రొండుసార్లు రాసింది.

చెవి డాక్టరుకాడికిగూడా పోయినాం. మిషను పెట్టినా ఎక్కువ తేడా రాదంట. నాకు మధ్యాన్నం అరుపు చాలు.

నువ్వు తిన్నావా?

నీ పెద్దవ్వ


చింతమాకులపల్లె,
అక్టోబరు 8.

అమ్మా యమునా,

రేష్మ లేదు.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచినాక రాలేదు. జరమేమో అని షెడ్డుకాడికి పోతే పైన కప్పిన తాటిపట్ట లేదు, పొయ్యి రాళ్ళు మూడు ఉండాయి. టమాటా కాపు అయిపాయ, కూలోళ్ళ మేస్త్రీ వాళ్ళను కుప్పం పక్క తోటలకు తీసుకోనిపోయినాడంట. చెప్పి పోయిందేమో యమునా. వాకిట్లో నిలబడి అవ్వా అవ్వా అని పిలిచిందేమో. నేను ఇంట్లో అటు తిరిగి ఉంటే నాకెట్లా తెలుస్తాది? ఆ తలపు వచ్చినప్పట్నించి వాకిలికి ఎదురుగానే కూచుంటాండా.

గుడ్డు రోజు మరిచిపోయి పదీ ఉడకేసినా. పదో గుడ్డు ఎవురికీ పెట్టబుద్ధి కాలేదు. కాలికి నాడా అట్లే ఉండాది, రొండో కొస నేల మీద ఈడుస్తాండాది.

టీచరు కాగితం మీద రాసింది, "పేరు రిజిస్టర్లో ఉండనీ అవ్వా, తిరిగి రావచ్చు కదా" అని. తీసేస్తే తొమ్మిది. చదివి కాగితం మడిచేసినా. నాకు వినపడనట్టు ఉండిపోయినా.

నీ పెద్దవ్వ


కుప్పం,
అక్టోబరు 19.

పెద్దవ్వా,

రెండు ఆదివారాలు తిరిగినా. రేష్మ దొరికింది. ఊరి బయట తోటలో ఉండాది, సంకలో తమ్ముడు. "మీ అవ్వ పంపింది" అన్నా. నా చెవిలో నోరు పెట్టి "అవ్వ బాగుందా!" అని అరిచింది. పెద్దోళ్ళకంతా అట్లే చెప్పాలనుకుంటాదేమో, నా చెవి ఇంకా గుయ్యిమంటాంది. పోయేటప్పుడు మీ వాకిట్లోకి వచ్చిందంట. నువ్వు పొయ్యి ఊదుతా ఉంటే కాసేపు చూసి, మేస్త్రీ ఆటో హారన్ కొడితే పోయిందంట.

ఇక్కడ ఒక బడి ఉండాది, అయ్యవారు చేర్చుకుంటానన్నాడు. అయితే ఒకే పేరు ఆన్‌లైన్లో రెండు బళ్ళల్లో ఎక్కదు. మీ బడిలో తీస్తేనే ఈడ ఎక్కుతుంది. తీస్తే మీకు ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి నిన్ను అడక్కుండా నీ ఊరి లెక్క రాసినా. ఈసారి నేను ఏమీ రాయను, ఏమీ అడగను. సంగతి చెప్పినా, అంతే.

యమున


చింతమాకులపల్లె,
అక్టోబరు 25.

అమ్మా యమునా,

నీ జాబు వచ్చిన రొండు దినాలు ఎవురికీ సూపించలేదు. దిండు కింద పెట్టుకున్నా. పేరు ఈడుంటే ఏమి, బిడ్డ యాడో ఒకచోట బాగుంటాది కదా అనుకున్నా. అనుకుంటా వడియాల డబ్బా దించితే నీ పాత కాగితం కనిపించింది, నిర్బంధం అని. అది పిల్లకాయలకు కాదు, పెద్దోళ్ళకు అని నువ్వే గదా రాస్తివి. నేను పెద్దదాన్నే కదమ్మా. మాయమ్మకు చెప్పేదానికి ఎవురూ లేకపాయ. నాకు నువ్వు చెప్పినావు. చెప్పినాకగూడా వినపడనట్టు ఉంటే యట్లా?

పొద్దున టీచరుకాడికి పోయి "రేష్మ పేరు తీసెయ్యి" అన్నా. ఆమె నా మొగం సూసింది. "తీస్తే ఏమవుతుందో తెలుసా అవ్వా?" అని రాసింది. తెలుసు అన్నా. తీసి, టీసీ రాసి ఇచ్చింది. ఇందులో పెట్టినా, మడత నలగనియ్యొద్దు. అందిన దినమే చేర్పించు. పేరు ఎక్కిందీ లేనిదీ నీ కండ్లతో సూసి రాయి, ఎవురో చెప్పినారని రాయొద్దు.

ఇంకో చీటీగూడా పెట్టినా, అది ఆ బడిలో వండే ఆమెకు. పేరు తెలీదు కాబట్టి "వంట చేసే అమ్మకు" అని రాసినా. పిల్లోడు పాలకు ముందు ఏడస్తాడు, తరవాత ఏడవడు, బియ్యం సంచి మీద బాగా నిద్రపోతాడు, నాడా కట్టుకుంటే పని చేసుకోవచ్చు అని అంతా రాసినా. నాడాగూడా పెట్టినా. ఆమెకు చెవులు బాగుంటే అక్కర్లేదులే, అయినా ఇయ్యి.

మీ పట్టీలో చింతమాకులపల్లె ఎదురుగా ఇరవైనాలుగు కొట్టేసి ఇరవైమూడు చెయ్యి. కుప్పంలో ఒకటి కలుపు. ఇరవై కోట్ల పైమాట అని రాస్తివే, ఆ పైమాటలో ఈ ఒకటి పడిపోకుండా సూడు.

బడి సంక్రాంతి దాకా ఉంటాదో, ముందే మూసేస్తారో టీచరుకూ తెలీదంట. ఈ పొద్దు తొమ్మిది లెక్కపెట్టి ఉడకేసినా. అదిగో, పిల్లకాయల అరుపు వినపడతాండాది. ఈడికి ఆపతాండా తల్లీ, అది అయిపోకముందే పోవాల.

నీ పెద్దవ్వ